పర్మిట్టు ఉన్నదా?

(బరంపురంలో మన సంఘం జరిపిన పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ఉపన్యాసము)



పంచాంగ శ్రవణం ముగిసినది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఎవరి లెక్క వారు వేసికొని కూర్చున్నారు. ఇటువంటి శుభ సమయంలో అర్థశాస్త్రం గురించి, రాజకీయాల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. అది నా రాజపూజ్యమో, మీ అవమానమో ఇంకొక అరగంటలో తేలిపోతుంది.

నాకిచ్చిన విషయం స్వేచ్ఛావాదం. ఇంగ్లీషువారు లిబర్టేరియనిజం అంటారు. పేరు కొత్తగా వినిపించినా సంగతి పాతదే. మనిషి తన దేహానికి, తన కష్టార్జితానికి తానే యజమాని. ఇంకొకరిని కొట్టకుండా, దోచకుండా, మోసగించకుండా ఉన్నంతవరకు అతని జోలికి పోయే హక్కు ఎవరికీ లేదు, ప్రభుత్వానికి సైతం లేదు. ఇదీ ఆ వాదం సారాంశం. దొంగల నుండి, శత్రువుల నుండి కాపాడటం, తగవులు తీర్చటం ప్రభుత్వం పని. అంతకు మించి చేయబోతే మేలుకంటె కీడే ఎక్కువ అని వారి నమ్మకం. ఈ ఒక్క సూత్రాన్నే బజారుకు, శాసనసభకు, విదేశ వ్యవహారాలకు, మూడింటికీ వర్తింపజేస్తారు.

నేను పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్లు హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. సూత్రానికి ముందు ఒక ఉదాహరణ చెప్పటం నా అలవాటు. ఈ సంవత్సరం పేరు పరాభవ గదా. ఇంతకు ముందు పరాభవ వచ్చినది 1966లో. అరవై ఏళ్ల చక్రం ఒక చుట్టు తిరిగి వచ్చినది. ఆ పరాభవలో నాకు తొమ్మిదేళ్లు. ఆనాటి సంగతితోనే మొదలుపెడతాను.

మా అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర ఒక పల్లె. ఆ యేడు మా చెల్లెలు పుట్టి ఇంకా నెల తిరగలేదు. బాలింతకు రేషను బియ్యం పడవని, మా తాత నాలుగు కుంచాల పాత బియ్యం మూటగట్టుకొని బరంపురం బస్సెక్కాడు. సరిహద్దు దగ్గర బస్సు ఆపి మూట దింపించారు.

“పర్మిట్టు ఉన్నదా?” అని అడిగాడు అక్కడి ఉద్యోగి.

“ఇవి అమ్మకానికి కావు బాబూ. మా పిల్ల బాలింత. దానికి పట్టుకెళ్తన్నాను,” అన్నాడు తాత.

“పర్మిట్టు లేనిదే గింజ దాటదు.”

“కూతురికి కూడు పెట్టుకోడానికి పర్మిట్టేంటి బాబూ!”

బియ్యం అక్కడే ఉండిపోయినవి. తాత ఖాళీ కండువా భుజాన వేసుకొని మా ఇంటికి వచ్చాడు. అమ్మ మంచినీళ్లిస్తే తాగి, చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “అమ్మీ, నా చిన్నతనాన ఇచ్ఛాపురం, బరంపురం ఒక్క జిల్లాయేనే. నేను పరాయి దేశం ఎప్పుడు వచ్చానో నాకే తెలియలేదు,” అన్నాడు. తాత మాట నిజమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ రెండు ఊళ్లూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనివే. గీత గీసినంత మాత్రాన బియ్యం మూటకు అడ్డు రాలేదు. అడ్డు వచ్చినది ఆహార మండలాలతో. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ మండలం అన్నారు. 1964 తరువాత దాదాపు ప్రతి రాష్ట్రమూ ఒక మండలమైనది. ఒక మండలపు ధాన్యం ప్రభుత్వం చేతిమీదుగా తప్ప ఇంకొక మండలానికి పోరాదు.

దీని ఉద్దేశం చెడ్డది కాదు. మిగులు ఉన్నచోట ధాన్యం చవుకగా ఉంటే ప్రభుత్వం అక్కడ కొని, కొరత ఉన్నచోట పంచవచ్చునన్నారు. కాని జరిగినదేమిటి? గీతకు ఒకవైపు రైతుకు ధర పడిపోయినది. రెండవవైపు కొనేవాడికి ధర పెరిగిపోయినది. ఆ రెండు ధరల మధ్య ఎంత ఎడముంటే దొంగరవాణాకు అంత లాభం, కాపలావానికి అంత రాబడి. లారీవాడు చెల్లించవలసినది చెల్లించి దాటిపోయేవాడు. మా తాతవంటివాడే పట్టుబడేవాడు.

స్వేచ్ఛావాదులు మొదట చెప్పే మాట ఇదే. ధర అనేది ఒక కబురు. ఫలానాచోట బియ్యం తక్కువైనవి, పట్టుకొని రండి అని అది ఊరూరా చాటుతుంది. ఆ కబురును మధ్యలో ఆపినవాడు కొరతను తీర్చలేడు, దాచగలడంతే. మన దేశంలో ఈ మాట ముందుగా గట్టిగా చెప్పినవారిలో బి.ఆర్. షెనాయ్ ఒకరు. 1955లో రెండవ పంచవర్ష ప్రణాళికను పరిశీలించిన ఆర్థికవేత్తల బృందంలో విభేద పత్రం వ్రాసినది ఆయన ఒక్కరే. లోటు బడ్జెట్టుతో అంత పెద్ద ప్రణాళిక నడిపితే ధరలు పెరుగుతాయి, ధరలను ఆపటానికి అదుపాజ్ఞలు వస్తాయి, అదుపాజ్ఞలు స్వేచ్ఛకే ముప్పు తెస్తాయి అని ఆయన హెచ్చరిక. ఎక్కడో కూర్చొని వ్రాసిన ఆ పత్రానికీ, ఇచ్ఛాపురంలో మా తాత మూటకూ సంబంధం ఉన్నదని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

ఐతే మిత్రులారా, కథ రెండవ సగం కూడా చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. తాత బియ్యం పోయిన నెలలో మా ఇంట పొయ్యి వెలిగినది రేషను షాపు వల్లనే. బజారులో కొనే తాహతు మా నాన్నకు లేదు. రేషనులో వచ్చినది గోధుమ. చపాతీ ఎరుగని మా అమ్మ ఆ గోధుమను నూకగా పట్టించి జావ కాచినది. ఆ జావ తాగి పాలిచ్చినది. ప్రభుత్వం బజారులో వేలు పెట్టకూడదని ఎవరైనా అన్నప్పుడల్లా ఆ జావగిన్నె నా కళ్ల ముందుకు వస్తుంది.

కాని ఆ గోధుమ ఎక్కడిది? అమెరికాది. అక్కడ 1954లో చేసిన పి.ఎల్. 480 అనే చట్టం క్రింద ఓడల మీద వచ్చినది. 1966లో మన దేశం దిగుమతి చేసికొన్న తిండిగింజలు సుమారు కోటి టన్నులు. వియత్నాం యుద్ధాన్ని మన ప్రభుత్వం విమర్శిస్తున్నదని అధ్యక్షుడు జాన్సన్‌కు కోపం. మన వ్యవసాయ విధానాన్ని మార్పించాలని పట్టుదల కూడా ఉన్నది. అందుచేత ఏడాదికి సరిపడా ఒకేసారి ఒప్పుకొనక, కొద్దికొద్దిగా, ఓడకు ఓడ లెక్కచూసి పంపించాడు. ఆ యేడు జూన్ 6న మన రూపాయి విలువ కూడా తగ్గించవలసి వచ్చినది. డాలరుకు 4.76 రూపాయలున్నది 7.50 అయినది.

ఇప్పుడు రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇచ్ఛాపురంలో మా తాతను ఒక గుమాస్తా పర్మిట్టు అడిగాడు. వాషింగ్టన్‌లో మన దేశాన్ని ఒక అధ్యక్షుడు పర్మిట్టు అడిగాడు. తన తిండికి ఇంకొకరి అనుమతి కావలసినవాడు, మనిషైనా దేశమైనా, నోరు విప్పి మాట్లాడలేడు. ఆర్థిక స్వేచ్ఛ, రాజకీయ స్వేచ్ఛ, విదేశాంగ స్వేచ్ఛ అని మూడు వేరువేరుగా లేవని స్వేచ్ఛావాదులు అనేది ఇందుకే. ఈ రోజు నేను చెప్పదలచుకొన్నది కూడా ఈ ఒక్క మాటే.

మన దేశంలో ఈ వాదానికి దగ్గరగా వచ్చిన పార్టీ స్వతంత్ర పార్టీ. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సభ సహకార సంయుక్త వ్యవసాయాన్ని తీర్మానించినది. ఆ యేడు జూన్‌లోనే మద్రాసులో ఈ పార్టీ ప్రకటన వెలువడినది. ‘పర్మిట్, లైసెన్స్, కోటా రాజ్యం’ అన్న పేరు పెట్టినవారు రాజాజీ. పార్టీ తొలి అధ్యక్షులు మన నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా. రాజాజీ వ్యాసాలు వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికను 1956లో స్థాపించినవారు మద్రాసులో స్థిరపడిన తెలుగువారు ఖాసా సుబ్బారావు. అనగా ఈ ఉద్యమంలో మనబోటి ప్రవాసాంధ్రుల చేయి కూడా ఉన్నదన్నమాట. తన చెక్క తాను దున్నుకొనే రైతే స్వతంత్రుడు, ఆ చెక్క పోతే అతడు కూలివాడు అని రంగాగారి వాదం. ఆక్స్‌ఫర్డులో చదివివచ్చి, జమీందారీ రైతుల పక్షాన పోరాడిన మనిషి గనుక ఆ మాటకు బరువున్నది. 1967లో ఏర్పడిన లోక్‌సభలో ఆయన మా తాతగారి జిల్లా శ్రీకాకుళానికే ప్రతినిధిగా ఉన్నారు. ఆ ఎన్నికలలో ఆ పార్టీకి 44 స్థానాలు వచ్చి, లోక్‌సభలో ప్రతిపక్షాలన్నిటిలోకి పెద్దదైనది. అదీ పరాభవ సంవత్సరంలోనే.

రాజకీయ స్వేచ్ఛ గురించి ఇంకొక ఉదాహరణ. మా వీధి చివర ఒక కంసాలి ఉండేవాడు. మామయ్యా అని పిలిచేవాళ్లం. 1962 అక్టోబరులో చైనా యుద్ధం రాగానే 26వ తేదీన అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నవంబరులో కాల్పులు ఆగినవి. కాని 1963 జనవరిలో, యుద్ధం కోసం చేసిన దేశరక్షణ నిబంధనల క్రింద బంగారం అదుపు వచ్చినది. 14 క్యారట్లకు మించిన నగ చేయరాదన్నారు. దొంగ బంగారం రాకను ఆపాలని, విదేశీ మారకద్రవ్యం మిగల్చాలని ఉద్దేశం. ఆ రకం బంగారంతో మంగళసూత్రం చేయించుకొనే ఇల్లాలెవరు? దేశమంతటా కంసాలుల కుంపట్లు చల్లారినవి. ఆత్మహత్యలు కూడా జరిగినవి. మా వీధి మామయ్య టీ దుకాణంలో గ్లాసులు కడిగే పనికి కుదిరాడు. 14 క్యారట్ల నిబంధన తరువాత సడలించారు. అత్యవసర పరిస్థితి 1968 జనవరి దాకా ఉండనే ఉన్నది. బంగారం చట్టం 1990లో గాని రద్దు కాలేదు. నెలరోజుల యుద్ధం, ఇరవై ఏడేళ్ల ఆంక్ష! యుద్ధకాలంలో చేతికిచ్చిన కర్రను శాంతికాలంలో ఎవరూ తిరిగి ఇవ్వరు. ఇది స్వేచ్ఛావాదుల రెండవ పాఠం. 1975లో మరొక అత్యవసర పరిస్థితి వచ్చినపుడు ఈ పాఠం అందరికీ తెలిసివచ్చినది. అప్పుడు పత్రికల సెన్సారును ఎదిరించి, 1976లో బొంబాయి హైకోర్టులో గెలిచినవారిలో స్వతంత్ర పార్టీ పెద్ద మీనూ మసానీ ఒకరు.

మూడవది విదేశాంగ విధానం. ఇక్కడ స్వేచ్ఛావాదుల ఇంట్లోనే తగాదా. మన స్వతంత్ర పార్టీవారు అలీన విధానాన్ని ఒప్పుకొనలేదు. చైనాను ఎదుర్కొనాలంటే పాశ్చాత్య ప్రజాస్వామ్య దేశాలతో రక్షణ సంబంధాలు పెట్టుకొనాలన్నారు. అమెరికాలోని ముర్రే రోత్‌బార్డ్ వంటివారు దీనికి పూర్తిగా ఎదురు. ప్రభుత్వాన్ని పెంచి పోషించేది యుద్ధమే గనుక పరదేశాల తగవులలో తలదూర్చవద్దన్నారు, వియత్నాం యుద్ధాన్ని ఖండించారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ నిర్బంధ సైనిక సేవ కూడదని వాదించాడు. 1973లో అది అక్కడ ఆగిపోయినది. 1971లో కొలరాడోలో లిబర్టేరియన్ పార్టీ పుట్టటానికి కారణాలలో ఆ యుద్ధమూ ఒకటి. వీటికి భిన్నంగా రాజాజీ ఒక దారి పట్టారు. 1962లో, ఎనభై మూడేళ్ల వయసులో, అమెరికా వెళ్లి, అణు పరీక్షలు ఆపమని అధ్యక్షుడు కెనడీని కలిసి అడిగారు. శత్రువు నుండి కాపాడటానికి బలమైన ప్రభుత్వం కావాలి. బలమైన ప్రభుత్వం నుండి మనలను కాపాడేదెవరు? ఈ ప్రశ్నకు వారిలో ఎవరి వద్దా పూర్తి జవాబు ఉన్నట్లు నాకు తోచదు.

వారి లోపాలు కూడా చెప్పుకొనవలసియున్నది. మా నాన్న మగ్గం పనివాడు. స్వతంత్ర పార్టీ ఊరేగింపు పోతుంటే, “ఏనుగులెక్కిన రాజులు స్వేచ్ఛ అంటే ఎవరి స్వేచ్ఛరా?” అనేవాడు. ఆ పార్టీలో జమీందారులు, మహారాజులు చాలామంది చేరారు. మన ఒరిస్సాలో 1967లో ఆ పార్టీ ముఖ్యమంత్రి అయిన ఆర్.ఎన్. సింగ్ దేవ్‌గారు స్వయంగా మాజీ సంస్థానాధీశులు. ఆస్తి లేనివాడికి ఆస్తిహక్కు గురించి చెబితే ఆకలివానికి అజీర్ణపు మందు ఇచ్చినట్లుంటుంది. పైగా ఆ ప్రభుత్వమే 1967లో మతమార్పిడులపై ఆంక్షలు పెట్టే చట్టం చేసినది. దాని పేరు మాత్రం మత స్వాతంత్ర్య చట్టం! అధికారం చేతికి వచ్చిన తరువాత స్వేచ్ఛావాదిగా ఉండటం ఎంత కష్టమో చూడండి. 1971లో ఆ పార్టీకి 8 స్థానాలే మిగిలినవి. 1972లో రాజాజీ కన్నుమూశారు. 1974లో పార్టీ మరొక పార్టీలో కలిసిపోయినది. రంగాగారు తిరిగి కాంగ్రెసుకు వెళ్లారు.

ఇంకొక సంగతి. ఓడల గోధుమ కోసం ఎదురుచూసే దుస్థితి ఎట్లా పోయినది? కొత్త వంగడాలు తెప్పించి, పరిశోధనా కేంద్రాలు నడిపి, 1965లో ఆహార సంస్థను, వ్యవసాయ ధరల సంఘాన్ని పెట్టి, మంత్రి సి. సుబ్రహ్మణ్యం కాలంలో ప్రభుత్వం చేసిన కృషి అందులో ఉన్నది. గిట్టుబాటు ధర కనబడగానే రైతు తన పూచీమీద, తన చెమటతో చేసిన కృషీ ఉన్నది. ఏ ఒక్కటి చాలదు. పరిశోధన ప్రభుత్వానిది, ధైర్యం రైతుది.

పార్టీ పోయినా మాట పోలేదు. 1991 జులై 24న పరిశ్రమల లైసెన్సు విధానాన్ని 18 పరిశ్రమలకు తప్ప తక్కినవాటికి ఎత్తివేసినది పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం. ఆయన స్వతంత్ర పార్టీవారు కారు, జీవితమంతా కాంగ్రెసువారే. మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుండి, ఆ తరువాత 1996లో ఇదే మన బరంపురం నుండి లోక్‌సభకు ఎన్నికైన తెలుగువాడు. మీలో కొందరు ఆయనకు ఓటు వేసే ఉంటారు. 2017 జులైలో వస్తు సేవల పన్ను వచ్చి సరిహద్దులలోని పన్ను గేట్లు లేచిపోయినవి. 2022 నాటికి ఒక రాష్ట్రపు రేషను కార్డుమీద ఇంకొక రాష్ట్రంలో బియ్యం తీసికొనే ఏర్పాటు అన్ని రాష్ట్రాలకూ వచ్చినది. ఈ చివరిది నాకు చాలా నచ్చినది. మా అమ్మ జావగిన్నె ఉన్నది, మా తాత ప్రయాణం ఉన్నది, రెంటికీ తగవు లేదు. ప్రభుత్వం సాయం చేయవచ్చును. ఆ సాయంతో మనిషిని ఒకచోట కట్టివేయకూడదు.

ఇక మన సంగతి. మనం రాష్ట్రం గీతకు ఇవతల బ్రతుకుతున్నవాళ్లం. రాజ్యాంగం మనకు రెండు మాటలు చెప్పినది. 350ఏ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పించే సౌకర్యం కల్పించాలని ప్రభుత్వాలకు చెబుతుంది. 30వ అధికరణం, మీ విద్యాసంస్థలు మీరే పెట్టుకొని నడుపుకొనే హక్కు మీకున్నదని మనకు చెబుతుంది. మొదటిది అర్జీ పెట్టుకొనే దారి. రెండవది చేసికొనే దారి. ఇన్నేళ్లుగా మన సంఘం మొదటి దారిలోనే నడిచినది. తెలుగు మాష్టరును వేయండి, తెలుగు పుస్తకాలు పంపండి అని మనం వ్రాసిన అర్జీలు నేనే చాలా వ్రాశాను. వాటిని మానమనను, అది మన హక్కు. కాని ఆ మాష్టరు వచ్చేదాకా మన పిల్లల నోట తెలుగు ఆగి ఉండదు. నా మనుమడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని ‘అమ్మ’ అని వ్రాయమంటే ఒడియా అక్షరాలతో వ్రాస్తాడు. ఒడియా రావటం సంతోషమే, అది వాడు పుట్టిన నేల భాష. తెలుగు రాకపోవటానికి మాత్రం ఏ ప్రభుత్వమూ కారణం కాదు. నేను కారణం.

ఈ హాలు ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది. నల్లబల్ల ఉన్నది. సుద్దముక్కలు నేను తెస్తాను. వచ్చే ఆదివారం ఎనిమిది గంటలకు నా మనుమణ్ణి తీసికొని వచ్చి కూర్చుంటాను. మీ పిల్లలను మీరు తీసికొని రండి. ఓనమాలు దిద్దించటానికి ఎవరి పర్మిట్టూ అక్కరలేదు.

మా తాత మూటలోని బియ్యం గీత దాటలేకపోయినవి. ఆయన మాట మాత్రం దాటివచ్చినది. దానిని మన తరువాతివారికి అందించే భారం మనది. ఈ పరాభవ పేరుకే పరాభవమై, మీ అందరి ఇళ్లలో జయాన్నే నింపుగాక.